దవడ ఎంతవరకు మాట వింటుంది?

"ట్విన్ బ్లాక్ పెడితే మావాడి గడ్డం ముందుకొస్తుందా డాక్టరు గారూ?" ఎత్తుపళ్ళ పిల్లవాణ్ణి కుర్చీలో కూర్చోబెట్టగానే తండ్రులు అడిగేది ఇదే. ప్రాక్టీసు మొదలుపెట్టిన కొత్తలో "వస్తుంది" అని ధీమాగా చెప్పేవాణ్ణి. ఇప్పుడు చెప్పను.

ట్విన్ బ్లాక్‌ను 1977లో స్కాట్లండ్‌కు చెందిన విలియం క్లార్క్ రూపొందించారు. పైన ఒక ప్లేటు, కింద ఒక ప్లేటు. నోరు మూస్తే వాటి ఏటవాలు దిమ్మెలు ఒకదానికొకటి ఆనుకుని కింది దవడను ముందుకు తెచ్చి నిలబెడతాయి. ఎత్తు తగ్గుతుంది, సందేహం లేదు. కానీ బ్రిటన్‌లో 8 నుంచి 10 ఏళ్ళ పిల్లలతో చేసిన పరిశోధనలో ఆ మార్పు ఎక్కువగా పళ్ళు ఒరగడం వల్లే వచ్చిందని తేలింది. ఎముక పెరిగింది కొంచెమే. చిన్నప్పుడే వైద్యం మొదలైనవాళ్ళకీ, కాస్త పెద్దయ్యాక మొదలైనవాళ్ళకీ చివరికి దవడలో చెప్పుకోదగ్గ తేడా లేదు. ముందుగా మొదలుపెడితే ముందుపళ్ళకు దెబ్బ తగిలే ప్రమాదం మాత్రం తగ్గుతుంది. ఆటల్లో పడే పిల్లలకు అదేమీ చిన్న లాభం కాదు.

పై దవడ సంగతి వేరు. అంగిలి మధ్య రెండు ఎముకలు కలిసే అతుకు చిన్నతనంలో గట్టిపడి ఉండదు. అక్కడ స్క్రూ అమర్చి, ఇంట్లో తల్లి చేత రోజూ తిప్పిస్తాం. తిప్పినప్పుడల్లా పావు మిల్లీమీటరు. వారం తిరగకుండానే ఒకామె ఫోన్ చేసింది. "ముందుపళ్ళ మధ్య సందు వచ్చేసిందండీ, నేనే ఏదో తప్పుగా తిప్పాను." గొంతు వణుకుతోంది. "తప్పేం లేదమ్మా, అతుకు విడింది. మనకు కావలసింది అదే" అన్నాను. కొన్ని నెలల్లో ఆ సందు దానంతటదే పూడిపోయింది. పెద్దవాళ్ళకు అదే స్క్రూ తిప్పితే ఎముక కదలక పళ్ళే పక్కకు ఒరుగుతాయి.

నన్ను బాధపెట్టేది కింది పళ్ళు ముందుకొచ్చే పిల్లల విషయం. నుదుటికీ గడ్డానికీ ఆన్చే ఫేస్‌మాస్క్‌తో పై దవడను ముందుకు లాగవచ్చు, పదేళ్ళ లోపైతే. బ్రిటన్‌లోనే మరో పరిశోధనలో ఆరేళ్ళ తర్వాత చూస్తే, మాస్క్ పెట్టుకున్నవాళ్ళలో 36 శాతానికే దవడ ఆపరేషన్ అవసరమనిపించింది. పెట్టుకోనివాళ్ళలో 66 శాతానికి. అయినా నా దగ్గరికి పదమూడేళ్ళకు వస్తారు, "పాలపళ్ళన్నీ ఊడనీయండి అన్నారండీ" అంటూ.

మీ పిల్లలు పళ్ళు కరిచిపట్టినప్పుడు కింది వరుస పైదాన్ని దాటి ముందుకొస్తుంటే, పాలపళ్ళు ఊడేదాకా ఆగకండి. ఏడెనిమిదేళ్ళకే ఒకసారి చూపించండి.