ఎవరి తాలూకా?

ఊరి పొలిమేరలో కనిపించే బోర్డుని సాహిత్యం అనొచ్చా అని అడిగితే నేను అనొచ్చనే అంటాను. ఒక ఊరు తన గురించి ఏం చెప్పుకోవాలనుకుంటుందో నాలుగు మాటల్లో రాసి పెట్టాక, దాన్ని వాక్యంలాగే చదవాలి. అలా చదవడానికి పిఠాపురం మంచి ఊరు.

ఈ ఊరి మీద నాకు తెలిసిన పాత నినాదం ఊరివాళ్ళు రాసింది కాదు. క్రీ.శ. 634 నాటి ఐహోళె శాసనంలో రవికీర్తి, రెండో పులకేశి పిష్టపురాన్ని గెలిచిన సంగతి చెబుతూ ఊరిపేరు మీద శ్లేష కట్టాడు. పిష్టం అంటే పిండి కదా, పిష్టపురం పిండైపోయిందట! ఓడిన ఊరి మీద గెలిచినవాడి కవి వేసిన జోకు.

ఆ తర్వాతి పేర్లు భక్తులవి. పాదగయ, కుక్కుటేశ్వరుడు, పురుహూతిక, శ్రీపాద శ్రీవల్లభుడు. ఈ పేర్లతో పలికే స్వాగతాలన్నీ బయటినుంచి వచ్చేవాళ్ళ కోసం. యాత్రికుడికి ఊరంటే దర్శనం, తిరుగు బస్సు. తప్పేం లేదు గానీ, ఊళ్ళో బతికేవాడు అందులో ఎక్కడా కనపడడు.

2024 ఎన్నికల్లో ఆ కనపడనివాడు తన వాక్యం తానే రాసుకున్నాడు, బండి నంబర్ ప్లేటు మీద: “పిఠాపురం ఎమ్మెల్యే గారి తాలూకా”. అక్కడ పోటీ చేసిన పవన్ కళ్యాణ్ డెబ్భై వేల పైచిలుకు మెజారిటీతో గెలిచారు. స్టిక్కర్లు ఫలితాల కంటే ముందే తిరిగాయి.

ఫ్యాన్స్ పిచ్చి అని కొట్టిపారేయడం తేలిక. నాకు మాత్రం ‘తాలూకా’ దగ్గర ఆగాలనిపిస్తుంది. మూలంలో అది అరబ్బీ మాట, అర్థం సంబంధం. ఆ సంబంధం కాస్తా రెవెన్యూ లెక్కల్లో పడి భూభాగం అయింది. 1985లో మండలాలొచ్చి తాలూకాలు పోయాయి. మనుషుల నోట్లో పాత అర్థం మాత్రం చావలేదు. పెళ్ళిపందిట్లో “మీరు ఎవరి తాలూకా అండీ?” అంటే ఎవరి తరఫు, ఎవరి మనిషి అనే. ప్రభుత్వం వదిలేసిన మాటని కుర్రాళ్ళు మళ్ళీ దాని మొదటి అర్థానికి తెచ్చారు.

వాక్యంగా చూస్తే దీనికి మంచి మార్కులే వేస్తాను. పేరెత్తకుండానే ఎవరో తెలుస్తుంది. ఆ ‘గారి’లో సగం మర్యాద, సగం గోదారి వెటకారం. గెలవకముందే ఎమ్మెల్యే అనేసే ధీమా సరేసరి.

నా పేచీ అది అతికించిన చోటుతో. నంబరు అందరికీ ఒకే పద్ధతిలో ఇస్తారు. గుద్ది పారిపోయినవాణ్ణి పట్టించేది అదే. దాని స్థానంలో చుట్టరికం రాస్తే “నన్ను ఆపేముందు ఆలోచించుకో” అని అర్థం. స్వాగతం పలకాల్సిన ఊరిపేరు బెదిరింపవుతుంది. పైగా ఇదొక టెంప్లేటు. ఊరిపేరు అందులో వేరియబుల్. తర్వాత వేరే నియోజకవర్గాల పేర్లతోనూ అదే వాక్యం తిరిగింది. “ఐ లవ్” బోర్డుల్లాగే, ఏ ఊరికైనా సరిపోయేది ఏ ఊరి గురించీ ఏమీ చెప్పదు.

తెలుగు మాటల్ని పోగేసిన సూర్యరాయాంధ్ర నిఘంటువు పిఠాపురం మహారాజు పేరు మీదే ఉంది. అలాంటి ఊరికి మాటల వరుస మార్చడం ఓ లెక్కా? “పిఠాపురం తాలూకా ఎమ్మెల్యే గారు”. అవే మాటలు. ఇప్పుడు ఎవరు ఎవరి మనిషో తిరగబడింది. ఈ స్టిక్కరు మన బండికి కాదు, ఏ పార్టీ వారైనా సరే, ఎమ్మెల్యే కారుకి అతికించాలి.