పని పెట్టుకుని వెళ్లండి

‘కాశీయాత్ర చరిత్ర’ చదవబోయేవాళ్లకు ముందే ఒక మాట. అందులో సూర్యాస్తమయాల కోసం వెతక్కండి. ఏ ఊళ్లో నీళ్లు బాగుంటాయి, ఏ మజిలీలో అంగళ్లున్నాయి, దారి ఇసుకా రాళ్లా బురదా, ఏరు దాటడానికి పడవ దొరుకుతుందా, దిగడానికి సత్రం ఉందా... పేజీల తరబడి ఇదే గొడవ.

ఏనుగుల వీరాస్వామయ్య మద్రాసు సుప్రీం కోర్టులో పెద్ద దుబాసీ. 1830 మే 18న బయలుదేరి, హైదరాబాదు, నాగపూరు మీదుగా కాశీ చేరి, గయ, కలకత్తా, పూరీ చూసుకుని 1831 సెప్టెంబర్ 3న ఇల్లు చేరారు. తాను పల్లకీలో, వెంట వందమంది దాకా జనం. దారిలో చూసినవన్నీ స్నేహితుడు కోమలేశ్వరపురం శ్రీనివాస పిళ్లైకి రాస్తూ పోయారు. ఆ పిళ్లైగారే 1838లో పుస్తకం వేయించారు. అప్పటికి రాసినాయన పోయి రెండేళ్లు.

ఇది సాహిత్యమా, ఖర్చుల చిట్టానా అని పెదవి విరిచేవాళ్లున్నారు. నాకైతే ప్రయాణాల మీద రాయాలనుకునేవాళ్లకు ఇంతకంటే మంచి గురువు కనిపించలేదు. పొద్దుగూకేలోగా అంతమందికి వంట కావాలి. బోయీలు అలిసి ఉన్నారు. ఆ స్థితిలో ఊళ్లో అడుగుపెట్టిన మనిషికి బావి కనబడుతుంది, అంగడిలో బియ్యం ధర కనబడుతుంది, ఊరి పెద్దమనిషి ముఖంలో చిరాకూ కనబడుతుంది. ఆ ఊరితో ఆయనకు పని ఉంది మరి.

మనకేం పని? గది ముందే బుక్కయి ఉంటుంది. దారి ఫోను చెబుతుంది. భోజనం ఎక్కడ బాగుంటుందో ముక్కూముఖం తెలియనివాళ్లు నక్షత్రాలిచ్చి మరీ చెబుతారు. ఎవరినీ ఏమీ అడగక్కర్లేదు. అడగకపోతే ఎవరూ జవాబు చెప్పరు. జవాబు లేనిచోట కథకు సంభాషణ ఎక్కణ్నుంచి వస్తుంది? తిరిగొచ్చాక ప్రకృతి వర్ణన రాస్తాం. చదివినవాళ్లు ‘చాలా బాగుంది’ అని పేజీ తిప్పేస్తారు.

అంతర్వేదికి మొదటిసారి అందరిలాగే వెళ్లాను. నరసాపురం దగ్గర పంటు ఎక్కి, వశిష్ఠ గోదావరి దాటుతూ ఫొటోలు తీసుకున్నాను. వాటిలో గోదావరి ఉంది, నేనున్నాను. అంతే. కొన్నేళ్ల తర్వాత అదే రేవులో మా బంధువుల పెళ్లి శుభలేఖల సంచీ పట్టుకుని దిగాను. బొట్టు పెట్టి పిలవాలి కాబట్టి వెంట మా పిన్ని.

కథలు రాసేవాళ్లు ఎవరింటి శుభలేఖలైనా సరే, అడిగి మరీ పంచాలని అప్పుడే అనిపించింది. చిరునామాలు సగమే ఉంటాయి: రామాలయం వెనక, పెంకుటిల్లు, ఫలానావారి రెండో అబ్బాయి. ఆ రెండో అబ్బాయి ఇల్లడిగితే, మనం ఎవరి తాలూకో పూర్తిగా తేలాకే దారి చెబుతారు. ఒకింట్లో కార్డు విప్పకుండానే బల్లమీద పెట్టి, ‘పెద్దాడి ఇంటికి ముందెళ్లారా, మాకు ముందిచ్చారా?’ అన్నారు. అప్పుడు చూశాను, పెరట్లో కొబ్బరిచెట్ల మధ్య కొత్తగా లేచిన గోడ. ఇంకో ఇంటి పెద్దావిడ పెళ్లికూతురి ఊసెత్తలేదు, పిన్ని చేతికున్న గాజుల బరువు కళ్లతోనే తూచింది. ఎక్కడా కాఫీ తాగకుండా కదలనివ్వరు. పంటు ఆపేసే వేళవుతోందని మా కంగారు. ‘మీరు రాకుండా అదెక్కడికి పోతుంది’ అని వాళ్ల నిబ్బరం. ఆ గోడ, ఆ గాజులు నా కథల్లోకి వచ్చాయి. మొదటిసారి చూసిన గోదావరి ఇంకా రాలేదు.

అలాగని చూసింది చూసినట్టు దించేస్తే రచన అవుతుందనుకోను. జపాన్ కవి బషో 1689లో ఉత్తరాది దారుల్లో కాలినడకన తిరిగాడు. వెంట శిష్యుడు సోరా. ఆ యాత్ర మీద బషో రాసిన ‘ఓకు నో హొసోమిచి’ చిన్న పుస్తకమే గానీ, దాన్ని చెక్కడానికి ఏళ్లు పట్టింది. 1694లో ఆయన పోయాక, 1702లో అచ్చయింది. సోరా డైరీ మాత్రం 1943లో గానీ లోకానికి అందలేదు. రెండూ పక్కపక్కన పెట్టి చూస్తే చాలాచోట్ల పొంతన లేదు. ఇచిబురి సత్రంలో పక్కగదిలో ఇద్దరు వేశ్యలు బస చేశారని బషో రాసిన ఘట్టం ఎంతో పేరున్నది. సోరా డైరీలో ఆ ఊసే లేదు. పండితులు దీనిమీద చాలా తర్జనభర్జన పడ్డారు. నాకు అందులో వింతేమీ తోచదు. దారిలో సోరాలా ఉండాలి, బల్ల దగ్గర బషోలా ఉండాలి. ఈ రెండు పనులూ ఒకేసారి చేయబోయి, కొండ ఎదుట నిలబడే ఉపమాలంకారాలు వెతుక్కునేవాళ్లను చూస్తే జాలేస్తుంది. అక్కడ ఉన్నంతసేపు బస్సు టైమూ టీ ధరా రాసుకుంటే చాలు.

ఈమధ్య ఓ కుర్ర రచయిత కథ కోసం అరకు వెళ్తున్నానన్నాడు. ఏం చూడమంటారని అడిగాడు. చూడటం సంగతి తర్వాత, సంతలో నాకో రెండు కిలోల రాజ్మా కొనుక్కురా, షాపులో కాదు, పండించినవాళ్ల దగ్గరే, బేరమాడి మరీ అన్నాను. బొర్రా గుహలకు టైము చాల్లేదని సణుక్కుంటూ వచ్చాడు. అమ్మినావిడ తనను ఏయే ప్రశ్నలు అడిగిందో మాత్రం గంటసేపు చెప్పాడు. కథ సగమైందట. రాజ్మా ఏనాటివో గానీ, కుక్కర్లో ఎన్ని విజిల్స్ వచ్చినా ఉడకలేదు.