ఎనిమిది చెల్లులు

మా మేనత్త పద్దు పుస్తకం ఇప్పుడు నా దగ్గరుంది. కొన్న పుస్తకం కాదది. పరీక్షలైపోయాక పిల్లల నోటుబుక్కుల్లో మిగిలిన తెల్లకాగితాలు చించి, దబ్బనంతో మూడు కన్నాలు పొడిచి, పురికొసతో కుట్టి, పాత క్యాలెండరు అట్ట తొడిగింది. అందుకని ఏప్రిల్ లెక్క నాలుగు గీతల కాపీరైటింగు కాగితం మీదుంటే, మే లెక్క గళ్ల కాగితం మీదికి దూకుతుంది. గళ్ల కాగితం తగిలిన నెలల్లో అంకెలు పొందికగా ఉంటాయి. నాలుగు గీతల కాగితం మీద కాస్త ఇరుకున పడతాయి. 43 నెలల లెక్కనీ కాలిక్యులేటరు పెట్టి కూడాను. ఒక్కచోట ముప్పై పైసలు తేడా వచ్చింది. నేను పట్టేశాననుకుని సంబరపడేలోపే, అడుగున చిన్నక్షరాలతో కనబడింది: ‘30 పై. తెలియలేదు’.

తవుడు దగ్గర చూసుకుని తైలం దగ్గర ఒలకబోసే పొదుపు మనందరికీ తెలిసిందే. అత్తయ్య పొదుపు ఆ బాపతు కాదు. దాంట్లో పనితనం ఉంది. మంచి వడ్రంగి చేసిన తలుపును దగ్గరికెళ్లి నిమిరి చూసినట్టు ఈ పుస్తకాన్ని చూడాలని నాకెప్పటినుంచో ఉంది.

రాజమండ్రిలో కాపురం. మామయ్య మెయిన్ రోడ్డులో బట్టల కొట్టు గుమస్తా, జీతం 560 రూపాయలు. ఇంట్లో అయిదుగురు: వాళ్లిద్దరు, ఇద్దరు పిల్లలు, మామయ్య వాళ్లమ్మ. 1983 మే నెలలో ఆడపడుచు పెళ్లికి వీధి చివర పెద్దాయన దగ్గర 4,000 అప్పు తెచ్చారు. నోటు రాసి రెవెన్యూ స్టాంపు మీద మామయ్య సంతకం పెట్టాడు. నూటికి రెండు రూపాయల వడ్డీ. అంటే నెల తిరిగేసరికి 80 రూపాయలు. పదకొండు నెలలు ఠంచనుగా కట్టారు. 880 రూపాయలు చేతులు మారాయి. అసలు నాలుగు వేలూ కదల్లేదు.

అత్తయ్య పద్దు మొదలుపెట్టింది అప్పుడే, 1984 ఏప్రిల్లో. మొదటి పేజీలో ఖర్చులేమీ లేవు. ఒక లెక్క మాత్రం ఉంది. నెలకు 80 ఇస్తే అప్పు ఎప్పటికీ తీరదు. 100 ఇస్తే? 150 ఇస్తే? రెండు నిలువు గీతలు గీసి నెల నెలా వేసుకుంటూ పోయింది. 100 వరసలో మొదటి 500 అసలు తగ్గడానికే 25 నెలలు పట్టింది, అప్పంతా తీరడానికి ఏడున్నరేళ్లు. 150 వరస మూడేళ్ల అయిదు నెలల దగ్గర ఆగింది. నెలకు 50 రూపాయల తేడా నాలుగేళ్లు మింగేస్తోందన్నమాట. అడుగున రెండు గీతలు గీసి 150 చుట్టూ సున్నా చుట్టింది. చదువుకున్నది ఎనిమిదో తరగతి.

అసలు చిల్లరగా తీసుకోవడానికి పెద్దాయన ఒప్పుకోలేదు. వడ్డీకిచ్చేవాళ్లెవరూ ఒప్పుకోరు, వాళ్లకు కావలసింది అసలు కదలకుండా ఉండడమే. ఆ సంభాషణ అత్తయ్య నోట చాలాసార్లు విన్నాను.

“చిల్లర మల్లర తెచ్చి పోస్తానంటే కుదరదమ్మాయ్. అయిదొందలకి తక్కువైతే చెల్లు రాయను.”

“అలాగేనండి బాబాయిగారూ. అయిదొందలు తెచ్చిన రోజు మటుకు కాదనకూడదండి మరి.”

చెల్లు అంటే ఈ తరం వాళ్లలో కొందరికి తెలియకపోవచ్చు. అప్పులో కొంత కట్టినప్పుడు నోటు వెనకాల ఫలానా తేదీన ఇంత ముట్టింది అని రాసి, బాకీదారు సంతకం పెడతాడు. నోటుకు చట్టప్రకారం మూడేళ్లే కాలం. సంతకంతో చెల్లు పడితే ఆ రోజునుంచి మళ్లీ మూడేళ్లు వస్తాయి కనక అప్పిచ్చినవాడికీ అది కావాలి. అసలు తగ్గినట్టు సాక్ష్యం కనక కట్టినవాడికీ కావాలి. ఆ నోటు కూడా ఈ పుస్తకంలోనే మడతపెట్టి ఉంది. వెనకవైపు ఎనిమిది చెల్లులు. రాత అత్తయ్యది, సంతకం మామయ్యది. ‘ఈ నోటు బాపతు అసలు కింద రూ. 500/- అక్షరాల అయిదు వందల రూపాయలు చెల్లు’. అంకె పక్కన మరో సున్నా ఇరికించడానికి చోటు లేకుండా గీత లాగి మరీ రాసింది.

ఈ చెల్లుల తేదీల దగ్గరే నేను చాలాసేపు ఆగిపోయాను. మొదటిది 1984 నవంబరు, ఎనిమిది నెలలకు. తర్వాతవి 85 మే, నవంబరు, 86 ఏప్రిల్. చివరి మూడూ నాలుగేసి నెలలకే పడ్డాయి. జీతం పెరిగి ఉంటుందనుకున్నాను. పెరిగింది కూడా, కానీ అప్పు కింద వేసేది మాత్రం ఆసాంతం 150 రూపాయలే. కిటుకు వేరే ఉంది. 500 అసలు తగ్గిన ప్రతిసారీ నెల వడ్డీ పది రూపాయలు తగ్గుతుంది. మనమైతే ఆ పది రూపాయలతో పిల్లలకు ఏ జామకాయలో కొంటాం, న్యాయమే కదా. అత్తయ్య దాన్ని ఇంట్లోకి రానివ్వలేదు. వడ్డీ వరసలో 10 తగ్గించిన చేత్తోనే అసలు వరసలో 10 పెంచింది. 80కి 70గా మొదలైన జత చివరికి 10కి 140 అయింది. 86లో వరదొచ్చిన రెండు నెలలు తప్ప, రెండూ కలిపితే ఏ పేజీలో చూసినా 150.

అయిదొందలు పోగయ్యేదాకా డబ్బు పోస్టాఫీసులో ఉండేది. పాసుబుక్కు మామయ్య వాళ్లమ్మ ట్రంకుపెట్టెలో. తాళం ఆవిడ మొలలో. కోడలు డబ్బు తియ్యాలంటే అత్తగారిని అడగాలి, అడగడం అత్తయ్యకు ఇష్టం ఉండదు. తనకు తనే వేసుకున్న గొళ్లెం అది.

80 కడుతున్న ఇంట్లో ఇంకో 70 ఎక్కణ్నుంచి పుట్టింది? పెద్ద వాటా వంటచెరకుది. కిరసనాయిలు, బొగ్గులు కలిపి నెలకు 44 అయ్యేవి. రాజమండ్రిలో కోతమిల్లులకు కొదవలేదు. బస్తా రంపపు పొట్టు రెండు రూపాయలకిచ్చేవారు. అత్తయ్య పొట్టు పొయ్యికి మారింది. ఆ పొయ్యి కూరడం చిన్నప్పుడు సెలవుల్లో కళ్లారా చూశాను. పెద్ద రేకు డబ్బా, అడుగున పక్కగా ఒక కన్నం. కన్నంలోంచి ఒక కర్ర లోపలికి దూర్చి, నడిమధ్య సీసా నిలబెట్టి, చుట్టూ పొట్టు పోస్తూ పిడికిలితో అదుముతూ రావాలి. వదులుగా కూరితే మధ్యలో కుప్పకూలి పొగ చిమ్ముతుంది. మరీ బిగిస్తే అంటుకోదు. అంచుదాకా వచ్చాక సీసాను లాగకూడదు, బొంగరంలా అటూ ఇటూ తిప్పుతూ పైకి తియ్యాలి. అత్తయ్య తీశాక లోపల సొరంగం గోడ సున్నం కొట్టినట్టు నున్నగా ఉండేది. నేను తీస్తే సగం కూలేది. “వదిలెయ్‌రా, నీకు తొందరెక్కువ” అనేది. ఒకసారి కూరితే కాఫీ, అన్నం, పప్పు, కూర వరసగా అయ్యి, చివరి నిప్పు మీద స్నానాలకు నీళ్లు కాగేవి. వరస తప్పితే నీళ్లు కాగవు, అంచేత ఏది ముందు ఏది వెనక అన్నది కూడా పుస్తకంలో ఒక మూల రాసి ఉంది. 44 కాస్తా 13కు దిగింది.

కిరాణా కొట్లో ఖాతా మూసేసి రొక్కానికి దిగడం వల్ల ఇంకో 17. అరువు సరుకుకు ధర వేరు, తూకం వేరు అని ఆవిడ నమ్మకం, రెండు నెలల లెక్కలు పక్కపక్కన వేసి రుజువు కూడా చేసింది. కూరలకు పొద్దున్న కాకుండా దీపాలవేళ వెళ్లేది, గంపలు దులుపుకుని ఇంటికి పోయే వేళ. పేపరు పక్కింటితో పంచుకున్నారు. మిగతావి అక్కడో రూపాయి ఇక్కడో రూపాయి, వాటిని చెప్పి విసిగించను. చొక్కా కాలరు నలిగితే విప్పించి తిరగేసి కుట్టించడం మాత్రం చెప్పాలి. కుట్టుకూలి అణాల్లో పోయేది, చొక్కాకు ఇంకో ఏడాది ఆయుష్షు.

ఇదంతా ఆవిడ నేర్పే అంటే అబద్ధమవుతుంది. 1983లో ఎన్టీఆర్ ప్రభుత్వం కిలో రెండు రూపాయల బియ్యం మొదలుపెట్టింది. తలకు 5 కిలోలు, కార్డుకు 25 కిలోలకు మించకుండా. అయిదుగురున్న ఇంటికి నిండు కోటా, 50 రూపాయలు. ప్రతి నెలా పై వరసలో మొట్టమొదట ఉండేది అదే. ఆ ఆసరా లేకపోతే 150 నిలబడేది కాదు.

కొయ్యని ఖర్చుల్లో కూడా ఆవిడ చెయ్యి తెలుస్తుంది. పిల్లల పాలు పైసా తగ్గలేదు. చదివింపుల పేజీ వేరేగా ఉంది. ఆడపడుచు పెళ్లికి ఎవరు ఎంత చదివించారో రాసుకుని, వాళ్లింట్లో పెళ్లయితే అంతకు ఒక రూపాయి కలిపి తిరిగి చదివించింది. ఇదీ అప్పే, వడ్డీ లేదు గానీ మాట పడే అప్పు. ఇక నెలకొక సినిమా, నలుగురికీ కలిపి 9 రూపాయలు. వరదొచ్చిన రెండు నెలలు తప్ప ఎక్కడా మానలేదు. ఎందుకని అడిగితే, “అదీ మానేస్తే మీ మామయ్య ఆర్నెల్లకే పుస్తకం గోదాట్లో పారేసేవాడురా” అంది.

జపాన్‌లో హని మొటోకో అనే పత్రికా రచయిత్రి 1904లోనే ఇంటి పద్దు పుస్తకాన్ని అచ్చు వేసింది. ముందు ఖర్చుకు హద్దు గీసుకుని తర్వాత ఖర్చుపెట్టడం దాని పద్ధతి. అత్తయ్యకు ఆ పేరు తెలిసే వీలు లేదు. కానీ ప్రతి పేజీలోనూ ఎడమవైపు నెల మొదట పెన్సిలుతో అంచనా, కుడివైపు సిరాతో అసలు ఖర్చు ఉన్నాయి. పెన్సిలు అంకెను సిరా అంకె దాటిన చోటల్లా ఒక చుక్క.

చుక్కలు లేకపోలేదు. 1985లో చవగ్గా వచ్చిందని ఎనిమిది కిలోల కందిపప్పు ఒకేసారి కొని, ముసురు రోజుల్లో ఎండబెట్టకుండానే డబ్బాకెత్తింది. పురుగు పట్టింది. సగం పారబోశారు. ఆ వరస పక్కన ‘తొందర నాదే’ అని ఉంది. నన్ను పొయ్యి దగ్గర అన్న మాట తనకూ వేసుకుంది.

1986 ఆగస్టు పేజీ మురికిగా, నీటి మరకలతో ఉంటుంది. గోదావరికి ఆ వరద వచ్చిన నెల. ధవళేశ్వరం దగ్గర 35 లక్షల క్యూసెక్కులు దాటింది. అప్పటికి పోస్టాఫీసులో 410 ఉంది, ఆ నెల 110 వేస్తే అయిదో చెల్లు పడిపోయేది. పొట్టు బస్తాలు తడిసి ముద్దయ్యాయి. తడి పొట్టు ఎవరు కూరినా అంటుకోదు. నల్లబజారులో కిరసనాయిలు కొన్నారు, కూరల ధరలు మండిపోయాయి, కొట్టు కొన్నాళ్లు తెరవలేదు. ఆగస్టు, సెప్టెంబరు రెండు నెలలూ వడ్డీ 40 మాత్రం కట్టింది. ‘అసలు’ అన్న చోట సున్నా వెయ్యలేదు, ఖాళీగా వదిలేసింది. పాసుబుక్కులో 410 మాత్రం ముట్టుకోలేదు. అక్టోబరులో మళ్లీ 110, అదే నెల్లో చెల్లు.

ఎనిమిదో చెల్లు 1987 అక్టోబరులో పడింది. 43 నెలల్లో కట్టిన వడ్డీ 2,150. 100 వరసలో పోయి ఉంటే అయిదు వేలు దాటేది. పెద్దాయన నోటు మీద సంతకం ఉన్న మూల చింపి మిగతాది చేతికిచ్చాడు. పోస్టాఫీసులో 80 రూపాయలు మిగిలాయి.

నవంబరు పేజీ గళ్ల కాగితం. పై వరసలో బియ్యం 50. కింద అప్పు ఉండే వరసలో, ‘పోస్టాఫీసు 150’.