ఊరు విడిచిన స్తంభాలు

చాలా ఏళ్ల కిందట తిరువయ్యారులో త్యాగరాజస్వామి సమాధికి దండం పెట్టుకుని, దక్షిణ కైలాసం గుడికి వెళ్లాను. చుట్టు మండపంలోని స్తంభాల దగ్గర నా కాళ్లు ఆగిపోయాయి. ఆ నునుపు, ఆ సన్నని చెక్కడం మా హేమావతి పనితనం. చోళులు నొళంబుల నేలను గెలిచాక కావేరి ఒడ్డుకు తరలిపోయిన రాళ్లవి. పుట్టింటి నుంచి దూరదేశం పోయిన ఆడబిడ్డను చూసినట్టు కళ్లు చెమర్చాయి.

హేమావతి కర్ణాటకలోకి చొచ్చుకుపోయిన మడకశిర ప్రాంతంలో, అమరాపురం మండలంలో ఉంది. ఇక్కడ ఇంట్లో కన్నడం, సంతలో రెండు భాషలూ, కాగితాల మీద తెలుగు. పటంలో పొలిమేర ఊరు. కానీ 9వ శతాబ్దంలో దీని పేరు హెంజేరు. నొళంబవాడి 32000ను ఏలిన నొళంబ పల్లవుల రాజధాని. వాళ్లను అణిచినందుకు గంగరాజు మారసింహుడు ‘నొళంబకులాంతక’ అని బిరుదే పెట్టుకున్నాడు.

ఇక్కడి శాసనాలు కన్నడమని తెలుగువాడూ, ఊరు ఆంధ్రలో ఉందని కన్నడిగుడూ పట్టించుకోకపోతే ఈ ఊరు ఎవరికీ కాకుండా పోతుంది. డగ్లస్ బారెట్ 1958లో, శివరామమూర్తిగారు 1964లో ఈ ఊరి శిల్పాల మీద ఇంగ్లీషులో రాశారు. శివరామమూర్తిగారు రాసింది మద్రాసు మ్యూజియం చేరిన వాటి గురించి. గుడి అరుగు మీద కూర్చునేవాళ్లకు ఆ పుస్తకాలు అందవు. హేమావతి మీద నా శిష్యుడు రాసిన ఈ పుస్తకం అందుతుంది.

ఊళ్లోని సిద్ధేశ్వరాలయం మీద రాసిన అధ్యాయం నాకు అన్నిటికన్నా నచ్చింది. ఆ గర్భగుడిలో లింగం ఉండదు, కూర్చున్న శివమూర్తి ఉంటాడు. చిన్నప్పటి నుంచీ చూస్తున్న ఆ స్వామిని ఈ పేజీల్లో కొత్తగా చూశాను. దొడ్డేశ్వరుడి గుడి రాతి కిటికీల్లో లతల మెలికలను వేలితో తడిమి రాసినట్టు రాశాడు.

ఒక్క లోటు చెప్పకపోతే నాది పెద్దరికం కాదు. జనం చెప్పుకునే కథనూ శాసనంలో ఉన్న మాటనూ రెండుచోట్ల కలిపేశాడు. మలి ముద్రణలో విడదీయాలి.

నాయనా, మొదటి ప్రతి సిద్ధేశ్వరుడి ముందు పెట్టు. రెండోది ఊరి బడికివ్వు. మూడోది సంచిలో వేసుకుని తిరువయ్యారు వెళ్లు. ఆ స్తంభాల దగ్గర కూర్చుని, వాటి ఊరి సంగతులు గట్టిగా చదివి వినిపించు.