పోకిరి: చారధర్మ విమర్శనము

గూఢచారుని కథ భారతీయ వాఙ్మయమునకుఁ గ్రొత్తది కాదు. విరాటపర్వమునందలి యజ్ఞాతవాసమును, విశాఖదత్తుని ముద్రారాక్షసమును నిందుకు నిదర్శనములు. చారుఁడు రౌడీమూఁకలలోఁ జేరి, రెండు ముఠాల వైరము నడుమ మెలఁగి, తుదకు వానిని నిర్మూలించు కథకుఁ దెలుఁగునాటఁ బెక్కుమంది యెఱిఁగిన యుదాహరణము, పూరి జగన్నాథ్ దర్శకత్వమున 2006 ఏప్రిల్ 28వ తేదీని వెలువడిన ‘పోకిరి’ చలనచిత్రము. ఇది తమిళమున 2007లోను, హిందీలో 2009లోను, కన్నడమున 2010లోను మరల నిర్మింపఁబడినది. కావున దీని కథాసంవిధానమున బలము గలదని యొప్పుకొనవలెను. ఆ బల మెట్టిది, యందలి దోష మెట్టిది యను రెండంశములు విచారింపఁదగినవి.

కథ హైదరాబాదున జరుగును. అలీభాయి ముఠాయు, నారాయణ ముఠాయు భూములకై, ధనమునకై పరస్పరము పోరుచుండఁగాఁ గ్రొత్తగా వచ్చిన పోలీసు కమీషనరు ఖాద్రీ వానిని నణఁప నుద్యుక్తుఁ డగును. కూలికిఁ గొట్టుటయే వృత్తిగాఁ గల పండు అలీభాయి పక్షమునఁ జేరును. వాఁడే కృష్ణమనోహరుఁ డను ఐ.పి.ఎస్. అధికారి యని, తండ్రి సూర్యనారాయణ హతుఁ డగువఱకుఁ బ్రేక్షకునకుఁ దెలియదు. పిదప నతఁ డలీభాయిని, వాని యనుచరులను, దుర్మార్గుఁడగు పశుపతి యను పోలీసును జంపుటతోఁ గథ ముగియును.

గుణము మొదటఁ జెప్పఁదగినది. విరాటపర్వమున వలలుఁడే భీముఁడని శ్రోత యాదినుండియు నెఱుఁగును. ఎఱుఁగనివాఁడు కీచకుఁడు. ముద్రారాక్షసమున సిద్ధార్థకుఁడు చాణక్యుని మనుష్యుఁడని ప్రేక్షకుఁ డెఱుఁగును; రాక్షసుఁ డెఱుఁగఁడు. పోకిరియం దట్లు గాక ప్రేక్షకుఁడును రాక్షసునివలె వంచితుఁ డగును. నిర్వహణసంధియం దద్భుతరసము నిలుపవలెనని భరతుఁడు విధించెను. ఇందది చక్కఁగా నిర్వహింపఁబడినది. మఱియు నా యద్భుత మాకస్మికము గాదు. బడిని బ్రేల్చి మంత్రిని జంపవలెనని యలీభాయి కోరినప్పుడు, పిల్లలకు హాని గలుగునని పండు నిరాకరించును. అప్పటికి రౌడీకిఁ దగని సంకోచముగాఁ దోఁచిన యా మాట, రహస్యము వెల్లడియైన పిదప బీజన్యాసముగాఁ గానవచ్చును.

దోషమును నా వెల్లడినుండియే పుట్టినది. పండు పోలీసని తెలియఁగానే యతఁ డంతకుముందు చేసిన హత్యలన్నియు నొక్కపెట్టున రాజకార్యము లగును. ప్రేక్షకుఁడు వానిని మరల నొకటొకటిగాఁ దలఁచి తూఁచి చూడఁడు. కౌటిల్యుఁ డర్థశాస్త్రమునందలి కంటకశోధనాధికరణమున నిట్టి చారులనే వర్ణించెను. వారు సిద్ధవేషములతో దొంగలలోఁ జేరి, తలుపులు తెఱచు మంత్రములు, నిద్రపుచ్చు మంత్రములు తమకుఁ గలవని నమ్మింతురు. ముందుగా నేర్పఱచిన జనులచే నా మహిమను నిజమనిపింతురు. పిదప గుఱుతులు వేసిన వస్తువులతో దొంగలను బట్టింతురు. కౌటిల్యుఁడు దయాళు వని దీనివలన సాధింపరాదు. ఉపాంశుదండ మను రహస్యవధయు నతనికి సమ్మతమే. కాని యతఁడు దానిని దాని పేరనే పిలిచెను. ఈ ప్రకరణమునఁ జారకర్మకు ఫలము పట్టువడిన దొంగ, గుఱుతుపడిన సొమ్ము. పోకిరియం దట్టి ఫలము లేదు. ముఠాలలోఁ గాలము గడపి పండు తెలిసికొన్న రహస్యము న్యాయస్థానమున సాక్ష్యముగా నిలువలేదు. చంపుటయే పర్యవసాన మైనచో నంతటి ప్రచ్ఛన్నవాసముతోఁ బని యేమి?

రసదృష్టిచేతను నిందు సాంకర్యము గలదు. వీరమునకు స్థాయి యుత్సాహము, రౌద్రమునకుఁ గ్రోధము. తండ్రి చావుచే రగిలిన కొడుకు చేయు వధ రౌద్రము. చిత్రము దానిని అధికారి కర్తవ్యముగాఁ జూపి వీర మనిపింపఁ జూచినది. భీముఁడు కీచకుని జంపినది ద్రౌపదీపరాభవమును సహింపలేని భర్తగా. విరాటుని కొలువువాఁడుగాఁ గాదు. ఈ వివేకము భారతమునఁ జెడలేదు.

వ్యాకరణపరిభాష యిచటఁ గొంత తోడ్పడును. పండు కృష్ణమనోహరుని స్థానమున వచ్చిన యాదేశము వంటివాఁడు. ఆదేశమునకు స్థానివద్భావము గలదు; కావున వేషము మాఱినను నతఁ డధికారియే. కాని స్థానియొక్క వర్ణముల నాశ్రయించిన విధియందు, అనఁగా నల్విధియందుఁ బాణిని స్థానివద్భావమును నిషేధించెను. పోలీసు ఆయుధాధికారము ప్రకటితనామమును, పదవిని, సమాధానము చెప్పు బాధ్యతను నాశ్రయించినది. అవియే దాని వర్ణములు. వానిని విడిచి రౌడీ రూపమున, రౌడీ పద్ధతిని జేసిన వధకు నా యధికారము సంక్రమింపదు.

వినోదార్థమైన చిత్రమునకు నింత విచార మేల యని పూర్వపక్షము. కాంతాసమ్మితోపదేశము కావ్యప్రయోజనములలో నొకటని మమ్మటుఁడు చెప్పెను. ఉపదేశము మధురమైనకొలఁది దాని యర్థమును బరీక్షింపవలెను. 2008 డిసెంబరులో వరంగల్లున విద్యార్థినులపై యాసిడ్ పోసిరను నభియోగమునఁ బట్టువడిన మువ్వురు యువకులు పోలీసు కాల్పులలో మరణింపఁగాఁ బెక్కుమంది పోలీసులను బూలతో సత్కరించిరి. నేఁడు జనగామ జిల్లాలోనున్న స్టేషన్ ఘన్‌పూర్ నాఁ డా వరంగల్లు జిల్లాలోనిదే. ఆ విద్యార్థినుల బాధ దారుణము; జనుల కోపము సహజము. దానికంతకుఁ బోకిరి కారణ మనుట యతివాదము. కాని విచారణ లేని మరణమునకుఁ బూలు చల్లు చిత్తవృత్తికిని, పండు చేసిన వధలకుఁ జప్పట్లు గొట్టు చిత్తవృత్తికిని బోలిక గలదు. పోలీసు కాల్పులవలని మరణములపై స్వతంత్రదర్యాప్తు, మేజిస్ట్రేటు విచారణ జరుపవలెనని 2014లో సుప్రీంకోర్టు నిర్దేశించినది. చట్ట మడుగు నా ప్రశ్నను చిత్రము ప్రేక్షకుని నోట రానీయదు.

చాణక్యుఁడు తన చారులచే రాక్షసుని జుట్టుముట్టి, తుదకుఁ జంపింపక చంద్రగుప్తుని మంత్రిగాఁ జేసెను. పోకిరి రచయితకు రహస్యమును దాఁచు నేర్పు పుష్కలముగాఁ గలదు. వెల్లడియైన పిదప నా రహస్యమును దేనికి వినియోగింపవలెనో యతఁడు విశాఖదత్తునివలన నేర్వవలసియున్నది.