తురగపదబంధం, చదరంగ ఇంజన్: తులనాత్మక పరిశీలన

తొమ్మిదో శతాబ్దికి చెందిన కాశ్మీర ఆలంకారికుడు రుద్రటుడు 'కావ్యాలంకారం'లో చూపిన తురగపదబంధం 32 అక్షరాల శ్లోకం. పాదానికి 8 అక్షరాలు కావడం వల్ల నాలుగు పాదాలు చదరంగం బోర్డులో సగమవుతాయి. వరుసగా చదివినా, గుర్రపు నడకలో చదివినా అదే శ్లోకం వస్తుంది. దీన్ని కంప్యూటర్ విజ్ఞానానికి పూర్వరూపంగా కొనియాడడం అతిశయోక్తి. కేవలం అక్షరక్రీడగా తోసిపుచ్చడం తొందరపాటు.

చదరంగ ఇంజన్ కూడా బోర్డును ఒకే వరుసగా మారుస్తుంది. 64 గళ్ళకు వరుస సంఖ్యలిస్తే గుర్రపు అడుగు 6, 10, 15, 17 తేడాలలో ఒకటవుతుంది. శ్లోకంలోని అక్షరాలకూ ఇదే లెక్క. అయితే మొదటి పాదం చివరనున్న 8వ అక్షరానికి 10 కలిపితే వచ్చే 18వది మూడో పాదంలో రెండో అక్షరం. అది గుర్రపు నడక కాదు. ఈ అంచు దోషాన్ని నివారించడానికే బోర్డు చుట్టూ అదనపు గళ్ళు చేర్చిన 120 గళ్ళ పట్టిక వాడుకలోకి వచ్చింది. బిట్‌బోర్డు పద్ధతిలో గడికొక బిట్ చొప్పున 64 బిట్ల సంఖ్య ఉంటుంది. ప్రతి గడినుంచి గుర్రం చేరగల గళ్ళను ముందే లెక్కించి ఉంచుతారు.

భేదం ప్రయోజనంలో ఉంది. 'ఈ గడిలో ఏ పావు ఉంది?' అన్న ప్రశ్నకు పట్టిక, 'ఈ పావులు ఎక్కడెక్కడ ఉన్నాయి?' అన్న ప్రశ్నకు బిట్‌బోర్డు అనుకూలం. స్టాక్‌ఫిష్ రెండింటినీ నిలుపుకుంటుంది. కావ్యశాస్త్రం దోషంగా పరిగణించే పునరుక్తిని వేగం కోసం అంగీకరిస్తుంది. రుద్రటుడు ఒకే పాఠంలో రెండు పఠనక్రమాలను ఇమిడ్చి, అందుకు అక్షరవైవిధ్యాన్ని, అర్థసౌలభ్యాన్ని వదులుకున్నాడు. చిత్రకవిత్వ విమర్శ తూచవలసింది ఈ మూల్యాన్నే.