మంగళవారం హెట్టీది

"పిల్లల్ని బడికి పంపట్లేదా?" అని అడిగినవాళ్లే ఆ వెంటనే "మరి రోజంతా ఇంట్లో ఏం చేస్తావమ్మా?" అంటారు. మొదటిదానికి జవాబు తేలికే. విద్యాహక్కు చట్టం మాట్లాడేది 6 నుంచి 14 ఏళ్ల పిల్లల గురించి. మావాళ్లిద్దరికీ ఇంకా ఆరేళ్లు రాలేదు. చిక్కంతా రెండోదానితోనే. పిండి రుబ్బడం, అంట్లు తోమడం, తోమినవి మళ్లీ సింకులోకి రావడం, మధ్యలో పలక మీద 'అమ్మ', రాత్రి కుటుంబ ప్రార్థనలో సగంలోనే నిద్రపోయే చిన్నవాడు. సాయంత్రానికి "ఇదీ నేను చేసింది" అని చూపించడానికి ఏమీ మిగలదు.

ఇలాంటి తల్లులకు ధైర్యం చెప్పాలనుకుంటే స్త్రీల కూడికల్లో సుసన్నా వెస్లీ (1669–1742) పేరు ఎత్తుతారు. ఇంగ్లండ్‌లో ఎప్‌వర్త్ అనే ఊళ్లో పాదిరిగారి భార్య. పంతొమ్మిది మందిని కంటే తొమ్మిది మంది పసితనంలోనే పోయారు. భర్త అప్పుల కింద జైలుకు వెళ్లాడు. 1709లో ఇల్లు కాలిపోయింది. అయినా ఆ ఇంట్లో పొద్దున మూడు గంటలు, మధ్యాహ్నం మూడు గంటలు బడి నడిచింది. ఐదో పుట్టినరోజు మర్నాడే అక్షరాలు మొదలు. అవి వచ్చాక సరాసరి ఆదికాండం మొదటి అధ్యాయం.

ఆమె పిల్లల్లో చాలామంది అక్షరాలన్నీ ఒక్కరోజులో నేర్చుకున్నారట. ఇరవయ్యారు అక్షరాల భాషకు అది చెల్లింది. మన గుణింతాలూ ఒత్తులూ ఆ లెక్కకు లొంగవు. ఏడాది పిల్లలకు బెత్తమంటే భయం, మెల్లగా ఏడవడం నేర్పానని కూడా ఆవిడే రాసుకుంది. అది నాకు వద్దు. నేను తీసుకున్నది మరో నియమం: చక్కగా చదవడం వచ్చేదాకా ఆడపిల్లకు ఇంటిపని చెప్పకూడదు. మూడు వందల ఏళ్ల నాటి ఈ మాట ఇప్పటికీ మన ఇళ్లలో చాలామందికి మింగుడుపడదు.

పాఠం ఎంతసేపన్నదానికి షార్లెట్ మేసన్‌ను నమ్ముకున్నాను. 1886లో 'హోమ్ ఎడ్యుకేషన్' రాసిన ఈ ఉపాధ్యాయిని, ఎనిమిదేళ్లలోపు పిల్లలకు ఏ పాఠమూ ఇరవై నిమిషాలు దాటకపోవడమే మంచిదంది. విన్న కథను పిల్లలచేత తిరిగి చెప్పించమంది. యోసేపు కథ చెబితే మా పెద్దదానికి రంగురంగుల అంగీ గుర్తులేదు. అన్నలు తోసిన గోతిలో నీళ్లు లేవన్నది మాత్రం పట్టుకుంది. "మరి వాడికి దాహం వేస్తే?" అని అన్నం కలుపుతుంటే అడిగింది. ఆ రోజు పాఠం అక్కడే, కంచం ముందే జరిగింది.

సుసన్నా దగ్గర నాకు అన్నిటికంటే నచ్చింది ఆ బడి కాదు, సాయంత్రాలు. వారంలో ఒక్కో సాయంత్రం ఒక్కో బిడ్డతో విడిగా కూర్చునేది. సోమవారం మోలీది, మంగళవారం హెట్టీది, గురువారం జాన్‌ది, శనివారం చార్లెస్‌ది. జాన్ ఆక్స్‌ఫర్డ్‌లో ఉన్న రోజుల్లో కూడా ఆ గురువారాన్ని తలుచుకుని, అందులో కాస్త తనకోసం ఉంచమని తల్లికి ఉత్తరం రాశాడు.

కూడికల్లో ప్రసంగం ఇక్కడితో ఆగుతుంది. జాన్ నడిపిన మెథడిస్టు ఉద్యమం ఆ గురువారంలో పుట్టింది కాబట్టి, అక్కా, నీ అంట్లు తోమడం కూడా వృథా కాదు అంటారు. విన్నప్పుడు బాగానే ఉంటుంది గానీ, ఇంటికొచ్చాక ఆ మాట పిల్లల నెత్తిన బరువై కూర్చుంటుంది. వాళ్లు ఎవరో ఒకరు అయితేనే నా పనికి అర్థమా?

మరి మంగళవారం సంగతి? హెట్టీ ఆ ఇంట్లోకెల్లా చురుకైన పిల్ల. ఎనిమిదేళ్లకే గ్రీకు చదివేదని చెబుతారు, కవిత్వం రాసింది. కానీ ఆమెకు దక్కింది తండ్రి ఆగ్రహం, సుఖంలేని పెళ్లి, పురిటిలోనే పోయిన బిడ్డలు. తల్లి అదే, ఆదికాండం అదే, సాయంత్రం అంతే నిడివి. జాన్ వల్ల గురువారం సార్థకమైందంటే, హెట్టీ వల్ల మంగళవారం వ్యర్థమైందని కూడా అనాలి. ఆ మాట అనడానికి నాకు నోరు రాదు.

పనిని ప్రభువుకు అప్పగిస్తున్నామని ప్రార్థనలో అలవాటుగా అంటాం. ఫలితాన్ని మాత్రం మన గుప్పిట్లోనే ఉంచుకుంటాం. హెట్టీని తలుచుకున్నాక నాకు ఆ గుప్పిట కొంచెం సడలింది. ఇప్పుడు మా ఇంట్లో బుధవారం సాయంత్రం పెద్దదానిది, శనివారం చిన్నవాడిది. మావారు రెండో బిడ్డను చూసుకుంటారు, ఫోను బీరువాలో ఉంటుంది. మొన్న శనివారం వాడికి కథ వద్దు, పాట వద్దు, పప్పుగుత్తి కావాలన్నాడు. ఇచ్చాను. పొయ్యి గట్టంతా పప్పే. తుడుస్తూ వాడి కబుర్లు విన్నాను. పెద్దయ్యాక వాడేమవుతాడన్నది ఆ సాయంత్రం నేను తేల్చాల్సిన లెక్క కాదు.